మందు కొడితేనే తెరుచుకునే తలుపు

మృగశిర కార్తె, మొదటి రోజు

తలుపు మూసేశారు. లోపల నేను, పోలయ్య, ఉమ్మడి తోట. గాజు గోడకు అవతల పదకొండో పందిరి జనమంతా నిలబడి, పెళ్ళికి వచ్చినట్టు చూస్తున్నారు. ఒకావిడ చెయ్యి కూడా ఊపింది.

రోజూ జరిగింది రాయాలని తోటల శాఖ నిబంధన. రాయకపోతే అన్నం రాదా అని సత్యవేణి మేడాన్ని అడిగాను. ఆవిడ తోటల అధికారి. నవ్వి, ఈ పుస్తకం చేతిలో పెట్టింది. అందుకని రాస్తున్నాను.

నా పేరు నూకరత్నం. ఎండ తగలకుండా ఊరంతటి మీదా కప్పిన ఈ పందిరిలో, వంటశాలలో ముప్పై ఏళ్ళు గరిటె తిప్పాను. పందిరి కట్టిన దగ్గర్నుంచీ ఈ తోటకి వారం వారం మందు కొడుతూనే ఉన్నారు, గడ్డికొకటి, పురుగుకొకటి. తోట గాలే గొట్టాల్లోంచి అందరి ఇళ్ళకీ, బడికీ, ఆసుపత్రికీ పోతుంది. ఆ ఘాటు వాసన వస్తేనే తోట శుభ్రంగా ఉన్నట్టని మావాళ్ళ నమ్మకం. నా కూతురు హైమకి రెండు కడుపులు నిలవలేదు. మూడోసారి నిలిచాక డాక్టరమ్మ గది తలుపు దగ్గరికి వేసి మరీ చెప్పింది, కాన్పయ్యేదాకా ఈ మందు గాలి పీల్చనివ్వకండి అని. ఊపిరి పీల్చొద్దని చెప్పడం కాకపోతే ఏమిటిది? పందిరి దాటి బయటికి పోతే ఎండకి మనిషి మధ్యాహ్నం దాకా బతకడు. ఇంకో పందిరిలో చోటు దొరకడం కలలో మాట.

అందుకని కమిటీ ఆఫీసు ముందు కూర్చున్నాను. రోజూ కూర్చున్నాను. నా నోటికి జడిసే ఒప్పుకున్నారని పోలయ్య అంటాడు. విశాఖ కార్తె వెళ్ళేదాకా మందు ఆపుతారు. కలుపు చేత్తో తీసేవాళ్ళు మాత్రం లోపలే ఉండాలి. ఎందుకంటే మధ్యలో తలుపు రాదు. దీన్ని కట్టిన మహానుభావుడు ఎవడో గానీ, మందు కొట్టే గాలి ఒత్తిడితోనే తలుపు లేచేలా పెట్టాడు. పురుగు బయటికి రాకుండానట. పక్కనున్న ఎర్ర బొత్తాం నొక్కితే ముందు పైగొట్టాల్లోంచి మందు పడుతుంది, తర్వాత తలుపు లేస్తుంది. ఆ కాసేపూ లోపలివాళ్ళు పనిముట్ల గదిలో బిడాయించుకోవాలి.

అంటే నేను బయటికి రావాలంటే నా కూతురు ఆ మందు పీల్చాలి. హైమకి చిత్త కార్తెలో పురుడు. ఆ బొత్తాం వైపు చూడకూడదని మొదటి రోజే ఒట్టు పెట్టుకున్నాను.

మృగశిర, రెండో వారం

కలుపు, కలుపు, కలుపు. తుంగ పీకితే గడ్డ లోపలే ఉండిపోతుంది. మర్నాడు అక్కడే మొలుస్తుంది, పైగా పక్కన ఇంకోదాన్ని తోడు తెచ్చుకుంటుంది. వయ్యారిభామ ముట్టుకుంటే మోచేతుల దాకా దురద. ఇంత దిక్కుమాలిన మొక్కకి అంత అందమైన పేరు పెట్టినవాడెవడో!

పోలయ్య గురించి చెప్పాలి. మొన్నటిదాకా ఈ తోటకి మందు కొట్టింది ఆయనే. గొట్టాల మరలన్నీ ఆయనకి కంఠోపాఠం. పురుగుల సంగతి అడిగితే మాత్రం, "నాకు తెలిసింది సచ్చిన పురుగే అప్పా" అంటాడు. నాకన్నా పెద్దవాడే, అయినా నన్ను అక్కని పిలిచినట్టు అప్పా అనే పిలుస్తాడు. నాతో లోపలికి రావడానికి ఇంకెవరూ ముందుకు రాలేదు. నువ్వెందుకొచ్చావని ఇవాళ అడిగాను.

"బళ్ళో పిల్లలు దగ్గితే అందరూ నా మొకమే సూత్తారు. నానేటి సేత్తాను? కొట్టమన్నారు, కొట్టినాను" అన్నాడు. తుంగ దుబ్బు ఒకటి పీకి, "మా ఇంటిది కూడా ఎల్లమనీసినాది. నువ్వు లేకపోతే ఇల్లు కొన్నాళ్ళు పెశాంతంగా ఉంటాదంది" అన్నాడు.

ఆ మాట ఎంత నిజమో లోపలికొచ్చిన నాలుగు రోజుల్లోనే నాకు అర్థమైంది. ఆయన గురక ముందు యంత్రాలు చాలవు.

పీకిన కలుపులో గంగపావిలి, గలిజేరు బోలెడంత. అవి కలుపేమిటి, కూరలు! పప్పులో వేసి వండాను. తిండి సరుకులు పైనుంచి గొట్టంలో జారి పడతాయి, కిందనుంచి పైకి మాత్రం ఏదీ పోదు. లేకపోతే హైమకి ఒక గిన్నె పంపేదాన్ని.

ఆరుద్ర కార్తె

ఆరుద్ర వచ్చిందని యంత్రం వాన వదిలింది. మేఘాలు లేకపోయినా పందిరి పెద్దలు కార్తెలు మర్చిపోలేదు. తడిసిన బట్టలు పిండుకుంటూ ఉంటే హైమ గాజు దగ్గరికి వచ్చింది. అయిదో నెల దాటింది, కడుపు తెలుస్తోంది. గాజుకి అటువైపున్న మాటల పెట్టె మీట నొక్కి పట్టుకుంటేనే ఒకరి మాట ఒకరికి వినపడుతుంది. అది నొక్కి మొదటి మాటే దెబ్బలాట.

"పురుటికి నువ్వుండవు కదా?"

"ఈ గాజు ఎనకే ఉంటాను కదే."

"గాజు ఎనక ఉంటే నా నడుం ఎవలు పడతారు? మీ అమ్మేదీ అని ఆసుపత్రిలో అడిగితే ఏటి సెప్పాలి? తోటలో పెట్టి తాళం ఏసి వొచ్చినానని సెప్పాలా?"

"నీకోసమే కదే వొచ్చినాను."

"నానేటి ఎల్లమన్నానా? నాకు అమ్మ కావాలి గానీ ఈ గడ్డి పీకుడేటి!" అని మీట వదిలేసింది. తర్వాత కూడా పెదాలు కదులుతూనే ఉన్నాయి, నాకేమీ వినపడలేదు. ఏడుస్తూ వెళ్ళిపోయింది.

తొలి పురుడు పుట్టింట్లో జరగాలి. దానికి తండ్రి లేడు, పుట్టిల్లంటే నేనే. ఆ సంగతి నాకు తెలియదా? రెండోసారి కడుపు పోయినప్పుడు అది మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని మూడు రోజులు మాట్లాడలేదు. ఆ వీపు చూడడం ఇంకోసారి నావల్ల కాదు. అందుకే వచ్చాను.

పునర్వసు కార్తె

గన్నేరు చిగుళ్ళకి పసుపు పూసినట్టుంది. దగ్గరికెళ్ళి చూస్తే అంతా పేలు. చిగురు కనపడకుండా అతుక్కుని రసం పీలుస్తున్నాయి. "పేనుబంక" అన్నాడు పోలయ్య. "ఇంతకముందైతే పూటలో ఊడ్సీసేవోణ్ణి." ఆయన చేతులు ఆ మాటంటూనే లేని గొట్టాన్ని పట్టుకున్నాయి, నేను చూశాను.

వాటి మధ్యలో ఇంకోటి తిరుగుతోంది. నల్లగా, పొడుగ్గా, ఒళ్ళంతా ముళ్ళు, వీపు మీద నారింజ మచ్చలు. గోరంత మొసలి అనుకోండి. చూస్తేనే ఒళ్ళు జలదరించింది. పసుపు పేల గుంపు ఎక్కడుంటే ఇవి అక్కడే ఉన్నాయి. ఇవే తల్లులు, పేలు వీటి పిల్లలు అని ఇద్దరం తీర్మానించేశాం. తల్లుల్ని చంపితే పిల్లలు ఎక్కణ్ణుంచి వస్తాయి?

మూడు రోజులు ఇంకో పని పెట్టుకోలేదు. పొద పొదకీ వెతికి నల్లవాటిని ఏరాం. నేను రాయి మీద పెట్టి నలిపాను. పోలయ్యకి నలపడం అసహ్యం, డబ్బాలో వేసి సబ్బునీళ్ళు పోస్తానన్నాడు. మూడోనాటి సాయంత్రానికి ఒక్క నల్లది కనపడకపోయేసరికి ఇద్దరికీ భలే గర్వం వేసింది. ఆ సంబరంలో పాయసం కూడా కాచాను.

పుష్యమి కార్తె

ఆ పాయసం నా నోట్లో మట్టి కొట్టింది. తల్లులు పోయాక పిల్లలు తగ్గాలి కదా? రెట్టింపయ్యాయి. గన్నేరు నుంచి మందారకి పాకాయి. ఆకులన్నీ జిగటజిగట, ఆ జిగట మీద నల్లటి మసి పట్టింది. చీమలకి జాతర. కంచె పొదలు చూస్తే మాడిన మూకుడు గుర్తొస్తోంది.

గాజు అవతల జనం ఊరుకుంటారా? తోట మురికిపట్టిందని ఒకరు, గడ్డి పాదం మునిగేంత ఉందని ఒకరు. మందు వాసన లేక నిద్ర పట్టడం లేదని ఒక పెద్దాయన ఫిర్యాదు! నాకు నవ్వాలో తిట్టాలో తెలియక రెండూ చేశాను.

సత్యవేణి మేడం వచ్చింది. మంచి మనిషే, కానీ మీద కమిటీ ఉంది.

"రత్నం గారూ, మఖ కార్తె ఆఖర్లో తనిఖీకి వస్తాం. పొదల్లో సగానికి పైగా పాడైతే తలుపుకి మా వైపు కూడా బొత్తాం ఉంది, అది నేనే నొక్కాల్సి వస్తుంది. మీరిద్దరూ గదిలోకి వెళ్ళండని ముందే చెప్తాను."

"నా కూతురు ఏ గదిలోకి ఎల్లాలి మేడం?"

ఆవిడ తనిఖీ తేదీ రాసుకుని వెళ్ళిపోయింది. మఖకి హైమకి ఏడు నెలలు నిండుతాయి. రెండోసారి పోయింది సరిగ్గా ఏడు నెలలు నిండినప్పుడే. గాజు మీద గుద్దాను, చెయ్యి వాచింది. గుద్దితే పగిలే గాజు కాదు, పందిరి బరువంతా మోసేది అదే.

ఆశ్లేష కార్తె

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

కుంకుడుకాయలు నానబెట్టడానికి డబ్బా కావాలని పోలయ్య మంచం కింద వెతికాను. మూతకి మేకుతో బెజ్జాలు కొట్టిన డబ్బా దొరికింది. ఊపితే లోపల ఏదో గలగలమంది. "ఇదేటి పోలయ్యా?" అంటే నాలిక్కరుచుకున్నాడు. పునర్వసులో ఏరిన నల్ల పురుగులు. సబ్బునీళ్ళు పోయడానికి బద్ధకించి, పురుగుల్ని గన్నేరు రెమ్మలతో సహా మూత పెట్టి మంచం కిందికి తోసి మర్చిపోయాడట! బెజ్జాలెందుకు కొట్టావంటే, "ఊపిరాడక సస్తే పాపం కదప్పా" అన్నాడు. సబ్బునీళ్ళలో ముంచి చంపడానికి తెచ్చినవాటికి!

తిట్టుకుంటూనే మూత తీశాను. నల్లవి ఒక్కటీ లేవు. రెమ్మల మీద ఒక్క పేనూ లేదు, తుడిచేసినట్టు శుభ్రంగా ఉన్నాయి. అడుగున చిన్న చిన్న ఎండు డొల్లలు. వాటి మీద ఎర్రగా, గుండ్రంగా, నల్లచుక్కలతో...

"ఓలమ్మో!" అన్నాడు పోలయ్య. "ఇది బళ్ళో బొమ్మల పుస్తకంలోది కదేటి? అక్షింతల పురుగు!"

కొన్ని చచ్చి ఉన్నాయి, కొన్ని బతికున్నాయి. ఒకటి నా వేలెక్కి, గోరు చివరికి పోయి ఎగిరింది. ఎగిరి ఎక్కడ వాలింది? గన్నేరు మీద. వాలీ వాలగానే పేలని కరకర నమలడం మొదలెట్టింది.

ఆ నల్ల మొసళ్ళు పేలకి తల్లులు కావు. ఈ అక్షింతల పురుగుకి పిల్లలు. పేలని తినడానికి వచ్చినవి. పెద్దైన ఎర్రది బొమ్మలో చూసి ముద్దుపెట్టుకునేవాళ్ళమే అందరం, దాని పిల్ల ఎలా ఉంటుందో ఈ పందిరిలో పుట్టినవాడెవడూ చూడలేదు. ఎలా చూస్తాం? బతకనిస్తే కదా! నలిపి నలిపి రాయి మీద మచ్చలు పడ్డాయి. వెళ్ళి ఆ రాయిని తిరగేసి పెట్టాను, చూడలేక. తినేవాణ్ణి చంపుకుని తిండిని కాపాడినట్టైంది మా పని.

"నా బద్ధకం ఉపకారం సేసినాది అప్పా" అంటున్నాడు పోలయ్య. కొడదామనుకున్నాను. నిజమే కదా అని ఊరుకున్నాను.

మఖ కార్తె, ఆఖరి రోజు

ఈ కార్తెంతా దాదుల పని చేశాం. డబ్బాలో బతికినవి పసుపు గుడ్లు పెట్టాయి, గుడ్ల నుంచి నల్ల పిల్లలు వచ్చాయి. అవి ఉన్న రెమ్మలు కోసి, పేలు దట్టంగా ఉన్న పొదలకి కట్టాం. అక్షింతల పురుగులింకా చేరని పొదల ఆకుల్ని కుంకుడు రసంతో కడిగాం. నడుము పోయింది. గాజు వైపు కనపడే పొదల్ని ఇంకాస్త ఎక్కువ కడుగుదామని పోలయ్య అన్నాడు. మోసం కాదా అన్నాను. "సుట్టాలొత్తే ముందుగది తుడవమేటి?" అన్నాడు. కడిగాం.

పొద్దున్నే కమిటీ వచ్చింది. సత్యవేణి మేడం ముందు కంచె చూసి, "లోపలివి కూడా చూపించండి" అంది. మొహం మాడిపోయింది నాకు. లోపలి మందార పొదలు ఇంకా నల్లగానే ఉన్నాయి. కొత్త చిగుళ్ళు మాత్రం పచ్చగా వస్తున్నాయి. "మసి పాతది మేడం, సిగురు సూడండి, సిగురు సూడండి" అని అరుస్తూనే ఉన్నాను. గొంతు పోయేదాకా అరిచాను.

అప్పుడు పోలయ్య ఒక అక్షింతల పురుగుని తెచ్చి గాజు మీద వదిలాడు. అది నిదానంగా పైకి పాకింది. అవతలి పిల్లలు ఒకర్నొకరు తోసుకుంటూ ముక్కులు గాజుకి ఆనించారు. కమిటీ పెద్దాయన, మందు వాసన లేక నిద్రపట్టని ఆయనే, వంగి వంగి చూశాడు. "ఇది నిజంగా ఉంటుందా?" అన్నాడు.

సత్యవేణి మేడం చాలాసేపు చూసి, "సగం కన్నా తక్కువే పాడైంది" అని ప్రకటించింది. తక్కువో ఎక్కువో ఆ తల్లికే తెలియాలి. వెళ్తూ వెళ్తూ మాటల పెట్టె దగ్గర ఆగి, మా వాడికి ఈ మధ్య దగ్గు తగ్గిందండీ అని మాత్రం అంది.

ఉత్తర కార్తె

ఇంకా నెల ఉందనగా హైమకి నొప్పులు మొదలయ్యాయి.

పొద్దున అల్లుడు పరిగెత్తుకొచ్చి చెప్పి పరిగెత్తుకుపోయాడు. ఆసుపత్రి ఈ గాజుకి కనపడదు. నేను చేయగలిగింది ఏముంది? కలుపు పీకాను. ఒక మడిలో కలుపు, బంతి మొక్కలు కలిపి పీకేశానని తర్వాత చూశాను. మధ్యాహ్నమైంది, కబురు లేదు. నా కూతురు అక్కడ అమ్మా అని అరుస్తుంటుంది. దాని నడుం ఎవరో పరాయి మనిషి పడుతుంటుంది. లేచి బొత్తాం దగ్గరికి వెళ్ళాను. చెయ్యి పెట్టాను కూడా. చల్లగా ఉంది. నొక్కితే కాసేపట్లో అక్కడుంటాను, దాని తల నా ఒళ్ళో పెట్టుకుంటాను. నాకన్నా ముందు గొట్టాల్లోంచి మందు వెళ్ళి ఉంటుంది.

పోలయ్య కొంచెం దూరంలో కూర్చుని కలుపు తీసే బొరిగె నూరుతున్నాడు. నూరడం ఆపాడు గానీ తల ఎత్తలేదు. నా కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని లాక్కొచ్చి, దాని మీద కూర్చున్నాను. నిజంగానే చెయ్యి కిందపెట్టుకుని కూర్చున్నాను, తిమ్మిరెక్కేదాకా.

పొద్దు వాలుతుంటే అల్లుడు వచ్చాడు. మొహమంతా కన్నీళ్ళు. గాజుకి అవతల నోరు తెరిచి ఏదో చెప్తున్నాడు, చేతులు ఊపుతున్నాడు, మాటల పెట్టె మీట నొక్కడం మర్చిపోయాడు! ఏడుస్తున్నాడా, నవ్వుతున్నాడా? ఏది పోయింది, పిల్లా తల్లా? "మీట! మీట నొక్కు బాబూ!" అని నేను ఇటునుంచి అరుస్తుంటే, నా మాటా వాడికి వినపడదు కదా. వాడూ అరుస్తున్నాడు, నేనూ అరుస్తున్నాను. చివరికి పోలయ్య వచ్చి, వాడి ఎదురుగా నిలబడి, వేలితో మీట చూపించి ఒక్క గుద్దు గుద్దాడు గాజు మీద. అప్పుడు తెలివొచ్చింది.

"ఆడపిల్ల అత్తయ్యా! ఇద్దరూ బాగున్నారు! అత్తయ్యా, వినపడతాందా?"

వినపడిందయ్యా. వినపడింది.

హస్త కార్తె

హైమ పాపని తెచ్చింది. గుప్పెడంత ఉంది. జుట్టు మాత్రం బోలెడు. ముక్కు మా అమ్మది. హైమ నాతో పాత తగవు ఊసెత్తలేదు. "దీనికి నలుగు నువ్వే పెట్టాలి, ఇక్కడ ఎవలికీ సేతకావట్లేదు" అంది. ఆ మాటకే నేను పొంగిపోయాను.

తర్వాత డాక్టరమ్మ అన్న మాట చెప్పింది. నెల ముందు పుట్టింది కాబట్టి ఊపిరితిత్తులు లేతగా ఉన్నాయట. కనీసం ఏడాది మందు గాలి తగలకూడదట.

విశాఖ వెళ్ళగానే మందు కొడతారు. ఇంక రెండు నెలలు కూడా లేదు. నేను కాపాడింది కడుపునే, బిడ్డని కాదు!

అప్పట్నుంచి గాజు దగ్గరే కాపురం పెట్టాను. దారినపోయే ప్రతివాణ్ణీ చెయ్యూపి పిలిచి మాట్లాడాను. ఏడాది పొడుగునా మందు ఆపాలని పందిరంతా ఓటు వేయాలి. బళ్ళో దగ్గులు తగ్గాయని టీచరమ్మ ఒప్పుకుంది. సత్యవేణి మేడం కూడా ఓటు పెట్టించడానికి సరేనంది.

"మరి తలుపు మేడం? మందు కొట్టకపోతే ఇది లేవదు కదా, మేమెలగ రావాలి?" అని అడిగాను.

"అది మేం చూసుకుంటాం లెండి, ఇంజనీర్లు ఉన్నారుగా" అంది.

విశాఖ కార్తె, ఆఖరి రోజు

పోలయ్య పొద్దున్నే తలంటుకున్నాడు. మడతబట్టలు కట్టాడు. మూట కట్టుకుని తలుపు దగ్గర కూర్చున్నాడు. అవతల వాళ్ళావిడ కొత్త చీర కట్టుకుని వచ్చింది. ఇల్లు ప్రశాంతంగా ఉంటుందన్న మనిషి, పొద్దుట్నుంచీ అక్కణ్ణుంచి కదల్లేదు.

గెలిచాం. మందు వద్దనే ఎక్కువమంది అన్నారు. జనం చప్పట్లు కొట్టారు, నా వంటశాలవాళ్ళు కాజాలు పంచారు. ఆ నిద్రపట్టని పెద్దాయన గాజు ముందు నిలబడి రెండు కాజాలు తిన్నాడు. హైమ పాపని ఎత్తి నాకు చూపిస్తూ నవ్వింది. జన్మలో అంత సంతోషం లేదు నాకు.

"సరే మేడం, ఇంక తలుపు తీయించండి" అన్నాను.

సత్యవేణి మేడం చేతిలో కాజా అలాగే ఉంది. తినలేదు. "రత్నం గారూ, ఇంజనీర్లు చూశారండీ. గాజు కోస్తే పందిరి నిలవదట. వేరే తలుపు పెద్ద కర్మాగారం నుంచి రావాలి. రాశాం. వచ్చే ఏడాది చూద్దామన్నారు."

"టాంకీలో మందు తీసీసి నీళ్ళు పొయ్యండి" అన్నాను.

పోలయ్య తల అడ్డంగా ఊపాడు. "అది నిండుగా ఉంది అప్పా. మీంచి పోసీడమే గానీ తీసీడం నేదు. కాళీ అవ్వాలంటే కొట్టాల్సిందే. ఒకపాలి కొడితే రెండు కార్తెలు గాలి నిండా అదే."

చప్పట్లు ఆగిపోయాయి. కాజాలు తింటున్న నోళ్ళు ఆగిపోయాయి. అంతమంది ఓటు వేశారు, అందరికీ ఈ తలుపు తెలుసు, చిన్నప్పట్నుంచీ చూస్తున్నదే. ఎవరో చూసుకుంటారులే అని ఒక్కొక్కరూ అనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను, ఎవర్ని తిట్టను?

పోలయ్య మూట కిందపడేశాడు. ఆయన కోపం నేను ఎప్పుడూ చూడలేదు. "నాను వొచ్చింది విశాఖ దాకా! నా మాట నాను నిలబెట్టుకున్నాను! మీరేటి సేసినారు?" అని అరిచాడు. బొత్తాం దగ్గరికి వెళ్ళాడు. నేను అడ్డు వెళ్ళలేదు, వెళ్ళడానికి నాకేం హక్కుంది? ఆయన వాళ్ళావిడ వైపు చూశాడు, తర్వాత హైమ చేతుల్లోని పాప వైపు చూశాడు, చివరికి నా వైపు తిరిగాడు.

"నువ్వే సెప్పు అప్పా. నొక్కమంటే నొక్కీత్తాను. మానీమంటే మానీత్తాను."

హైమ మీట నొక్కి పట్టుకుంది. "నొక్కీ అమ్మా. నాను పిల్లని తడిగుడ్డలో సుట్టీసుకుంటాను. ఒక్కపాలికి ఏటవుద్ది? ఇంక నావల్ల కాదు. రా అమ్మా."

పాప దాని భుజం మీద నిద్రపోతోంది. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. చిన్న చిన్న ఊపిరులు, గబగబా తీస్తోంది, ఎవరో తరుముతున్నట్టు. నాకు బయటికి వెళ్ళాలనుంది. దాన్ని ఎత్తుకోవాలనుంది, నలుగు పెట్టాలనుంది, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నీళ్ళు పోయాలనుంది. ఇంత ఆశ ఒంట్లో పడుతుందని నాకు తెలియదు.

"వొద్దు పోలయ్యా" అన్నాను.

ఆ తర్వాత అందర్నీ తిట్టాను. కమిటీని, ఇంజనీర్లని, తలుపు కట్టినవాణ్ణి, వాడి ఏడు తరాలని. హైమని కూడా తిట్టాను, యంత్రం వదిలే చలిగాలిలో పిల్లకి టోపీ పెట్టలేదని. పోలయ్య మూట తీసుకుని లోపలికి వెళ్ళి మడతబట్టలు విప్పేసి పాత పంచె కట్టుకున్నాడు. సాయంత్రం దాకా ఒక్కడే కలుపు పీకాడు.

ధనిష్ఠ కార్తె

పెద్ద కర్మాగారం నుంచి మళ్ళీ కబురు లేదు. మందారలు పూస్తున్నాయి. కలుపు మామూలే. పోలయ్య వాళ్ళావిడ రోజూ వచ్చి దెబ్బలాడి పోతోంది, ఆయనకి అదే ఊరట.

హైమ సాయంత్రం పూట పాపని తెస్తుంది. బొద్దుగా అయింది, దగ్గన్నదే లేదు. ఇన్నాళ్ళూ నన్ను ఊరికే చూసేది, ఒక్కోసారి నవ్వేది. ఇవాళ నన్ను చూడగానే రెండు చేతులూ చాచింది, ఎత్తుకోమని. నేను రాకపోయేసరికి ముందుకి దూకబోయింది, హైమ గట్టిగా పట్టుకుంది. మళ్ళీ చాచింది. నేను నవ్వుతూ తల ఊపాను. దానికేం తెలుసు, ఏడుపు అందుకుంది. వెక్కి వెక్కి ఏడుస్తూ కూడా చేతులు దించదే!

వాళ్ళు వెళ్ళాక చూసుకుంటే నేను గాజు దగ్గర లేను. తలుపు దగ్గరున్నాను. నా చెయ్యి బొత్తాం మీద ఉంది. అక్కడికి ఎప్పుడు వచ్చానో నాకు గుర్తు లేదు.

పోలయ్య చూశాడు. వెళ్ళి మట్టి తవ్వి తెచ్చాడు. పీకిన తుంగ ముక్కలు చేసి అందులో వేసి, ఇద్దరం కాళ్ళతో తొక్కి బురద కలిపాం. బొత్తాం మీద బెత్తెడు మందాన మెత్తి చేత్తో నున్నగా అలికాను.

"ఆరితే రాయైపోద్ది అప్పా. ఇంక గునపం పెట్టినా ఊడదు" అన్నాడు.

ఆయన కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళాక వేలితో నొక్కి చూశాను. ఇంకా పచ్చిగానే ఉంది.